తుపాకీ లైసెన్సు రెన్యువల్ తిరస్కరించారు. హైకోర్టుకు వెళ్తే మనిషికి ఏమేం ఖర్చు పడుతుంది?

మిర్చి_లెక్కలు:

గుంటూరులో ఉంటున్న మా పెదనాన్నగారి తుపాకీ లైసెన్సు గురించి అడుగుతున్నాను. ఆయన వయసు 72. లైసెన్సు 1994 నుంచి ఉంది. పుస్తకంలో రెండు ఆయుధాలు: ఒకటి పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్, రెండోది .32 రివాల్వరు. పొలం గట్టు తగాదాలో ఆయన మీద ఒక కేసుంది. ఛార్జిషీటు పడింది, విచారణ మొదలు కాలేదు. గడువు తీరకముందే రెన్యువల్‌కు పెట్టుకున్నారు. గడువు దాటాక ఉత్తర్వు వచ్చింది. "క్రిమినల్ కేసు పెండింగులో ఉన్నందున, శాంతిభద్రతల దృష్ట్యా తిరస్కరించడమైనది" అని ఒకటే వాక్యం. ముందు నోటీసు ఇవ్వలేదు, పిలిచి అడగలేదు. ఉత్తర్వు చేతికొచ్చి 12 రోజులైంది. తుపాకులు రెండూ ఇంట్లో బీరువాలోనే ఉన్నాయి.

హైకోర్టులో రిట్ (అధికారి ఉత్తర్వును ప్రశ్నించే పిటిషన్) వేయాల్సిందేనని ఆయన పట్టుదల. ఇంట్లోవాళ్లకు భయంగా ఉంది. లాయరు ఫీజు సంగతి ఎవర్నడిగినా చెబుతున్నారు. అది కాకుండా ఇంకేం పోతుంది? ఎన్నాళ్లు పడుతుంది? పేరు బయటికొస్తుందా? అమెరికాలో ఇలాంటి కేసు గెలిస్తే లాయరు ఖర్చు ప్రభుత్వమే కడుతుందని చదివాను, ఇక్కడా అంతేనా? దీనికంటే దగ్గర దారి ఉంటే దయచేసి చెప్పండి.

బ్యారెల్_చూపు:

మిగతా ప్రశ్నల కంటే ముందు మీ ఆఖరి వాక్యం చూడాలి. తుపాకులు ఇంట్లో ఉన్నాయన్నారు. గడువు తీరి, రెన్యువల్ కూడా తిరస్కరించాక అవి ఇంట్లో ఉండటం లైసెన్సు లేని ఆయుధం ఉండటంతో సమానం. ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 25ను 2019లో సవరించారు. ఈ నేరానికి ఇప్పుడు కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు, జరిమానా. గట్టు తగాదా కేసు రేపు కొట్టివేసినా ఇది నిలుస్తుంది, పైగా తర్వాత ఏ కోర్టుకు వెళ్లినా అవతలి పక్షం ముందు దీన్నే చూపిస్తుంది. ఈ కేసులో అన్నిటికంటే పెద్ద ఖర్చు ఇదే. ఇవాళే ఆపుకోవచ్చు.

సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. 12 రోజులు ఎందుకు పట్టిందో ఒక్క వాక్యంలో ఉన్నదున్నట్టు రాయండి, అబద్ధం వద్దు. తీసుకెళ్లే ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి, ఫలానా సమయానికి డిపాజిట్‌కు తెస్తున్నామని చెప్పండి. ఛాంబర్లు, అంటే తూటా పెట్టే గదులు, ఖాళీగా ఉన్నాయో లేదో ఇద్దరు చూడండి. తూటాలు వేరే సంచిలో, తుపాకీ కవరులో పెట్టండి. లైసెన్సు పుస్తకం, తిరస్కరణ ఉత్తర్వు, డిపాజిట్ కోరే లేఖ రెండు ప్రతులు వెంట ఉంచుకోండి. ఇంటి నుంచి నేరుగా వెళ్లాలి, దారిలో ఎక్కడా ఆగొద్దు.

స్టేషనా, డీలరా అంటే, డీలరు దగ్గర అద్దె కట్టాలి, కానీ మధ్యలో వెళ్లి నూనె పెట్టించుకోవచ్చు. స్టేషన్‌లో పెడితే మాత్రం ఆయుధం మళ్లీ చేతికొచ్చే దాకా దాని ముఖం చూడటం కష్టం. కృష్ణా తీరంలో వానాకాలం తేమకు మామూలు నూనె పూత నెలల తరబడి ఆగదు. డిపాజిట్‌కు ముందే రెండు బ్యారెళ్లూ రాడ్‌తో శుభ్రం చేసి, పొడి గుడ్డ, తర్వాత నూనె గుడ్డ లాగండి. పైన చిక్కటి గ్రీజు పలచగా పట్టించండి. రివాల్వరును తోలు కవరులో మాత్రం పెట్టకండి. తోలు తేమను పీల్చుకుంటుంది, తోలు పదును చేసిన రసాయనాలు ఇనుమును తింటాయి. ఏడాది తర్వాత తీసి చూస్తే సిలిండరు మీద గుంటలు పడి ఉంటాయి. ఆ గుంటలు ఏ రిపేరుకూ పోవు. నూనె పట్టించిన నూలు గుడ్డలో చుట్టి ఇవ్వండి.

రసీదులో తయారీ పేరు, బోర్, నంబరు, బ్యారెల్ పొడవు, ఇచ్చేనాటి స్థితి, తూటాలు ఎన్ని అన్నది ఉండాలి. రెండు వైపులా ఫోటోలు, నంబరు కనిపించేలా దగ్గరి ఫోటోలు ముందే తీసి పెట్టుకోండి. పుస్తకంలో కొన్నట్టు రాసిన తూటాలకు, చేతిలో ఉన్నవాటికి లెక్క సరిపోకపోతే కాల్చిన సందర్భం, తేదీ గుర్తున్నంత వరకు రాసి ఇవ్వండి.

ఇంకో సంగతి. డిపాజిట్ చేసిన ఆయుధాన్ని నిర్ణీత గడువులోపు తిరిగి తీసుకోకపోయినా, అమ్ముకోకపోయినా అది ప్రభుత్వానికి జప్తు అయ్యే వీలుంది. అందుకే అప్పీలు వేసిన రోజే దాని నకలు జతచేసి, ఈ విషయం పెండింగులో ఉంది, జప్తు చర్య తీసుకోవద్దు అని స్టేషన్‌కు ఒక లేఖ ఇచ్చి ముద్ర వేయించుకోండి.

నేలపాడు_దారి:

డిపాజిట్ మాట పైన చెప్పినదానికి నేను కలిపేదేమీ లేదు. కోర్టు సంగతి చెబుతాను.

పెదనాన్నగారికి ముందు ఒకటి అర్థం కావాలి. హైకోర్టు లైసెన్సు ఇవ్వదు. ఇలాంటి రిట్‌లో గెలుపంటే సాధారణంగా "ఉత్తర్వు రద్దు, అర్జీదారుకు అవకాశమిచ్చి, కారణాలు రాసి, ఇన్ని వారాల్లో మళ్లీ నిర్ణయించండి" అని అదే అధికారికి తిప్పి పంపడమే. ఆయన డబ్బు, కాలం పెట్టి కొనుక్కునేది అదే బల్ల ముందు ఇంకొకసారి నిలబడే హక్కు. అది చిన్నదని నేననను. ఎందుకంటే ఈసారి అధికారి ఒక్క వాక్యంతో తేల్చేయలేడు. కానీ ఆ మనసుతోనే వెళ్లాలి. గెలిచిన రోజున తుపాకీ ఇంటికి వస్తుందనుకుని వెళ్లినవాళ్లే ఎక్కువ నలుగుతారు.

రిట్ కంటే ముందు అప్పీలు ఉంది. సెక్షన్ 18 కింద 30 రోజుల గడువు, మీకు 12 పోయాయి. మన రాష్ట్రంలో డివిజనల్ కమిషనర్లు లేరు కాబట్టి జిల్లా మెజిస్ట్రేటు ఉత్తర్వు మీద అప్పీలు ప్రభుత్వానికి, అంటే వెలగపూడి సచివాలయంలో హోం శాఖకు వెళ్తుంది. ఉత్తర్వు కింద అప్పీలు ఎవరికో రాసి ఉంటే దాన్నే పట్టుకోండి. గడువు దాటినా తగిన కారణం చూపితే తీసుకోవచ్చని చట్టంలో ఉంది, కానీ ఆ కారణం నిరూపించడం ఇంకో తలనొప్పి. అప్పీలు వేసినంత మాత్రాన పాత ఉత్తర్వు ఆగదు, ఆపమని వేరే అడగాలి.

అప్పీలు వదిలి నేరుగా నేలపాడు, అంటే హైకోర్టుకు వెళ్తే ప్రభుత్వ న్యాయవాది లేచి చెప్పే మొదటి మాట "ప్రత్యామ్నాయ పరిష్కారం ఉంది" అని. చాలా రిట్‌లు అక్కడే ముగుస్తాయి, అప్పీలుకు పొమ్మంటారు. అప్పటికి రెండు మూడు నెలలు, ఒక ఫీజు పోయి ఉంటాయి. అయితే నోటీసు ఇవ్వకుండా, వాదన వినకుండా ఇచ్చిన ఉత్తర్వు సహజ న్యాయానికి విరుద్ధం కాబట్టి నేరుగా వినవచ్చని వాదించే వీలుంది. మీ ఉత్తర్వులో ఆ లోపం ఉంది. నా సలహా మాత్రం, 30 రోజుల్లోపు అప్పీలు వేయండి, స్టే కూడా అందులోనే అడగండి. అది కదలకపోతే, ఫలానా గడువులో తేల్చమని హైకోర్టును అడిగే రిట్ వేయండి. అలాంటి రిట్‌కు ఖర్చూ తక్కువ, తొందరగానూ తేలుతుంది.

ఇక వాదించే అంశాలు. రెన్యువల్‌కు కూడా సెక్షన్ 13, 14 వర్తిస్తాయని సెక్షన్ 15 చెబుతోంది. సెక్షన్ 14 ప్రకారం తిరస్కరించాలంటే ప్రజా శాంతి, ప్రజా భద్రత కోసం అది అవసరమని అధికారి భావించి, కారణాలు రాతలో పెట్టాలి. ఒక కేసు పెండింగులో ఉందనడం ఒక్కటే చాలదనీ, ఆ కేసుకూ శాంతిభద్రతలకూ సంబంధం చూపాలనీ హైకోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అదే సెక్షన్ కింద కారణాల సంక్షిప్త ప్రతి అడిగి తీసుకునే హక్కుంది. ప్రజాహితం కాదనుకుంటేనే ఇవ్వకుండా ఉండవచ్చు. ఈ వారమే రాతలో అడగండి.

దీన్లో చాలామంది వదిలేసే అంశం ఒకటుంది. రెండు ఆయుధాలూ చట్టం దృష్టిలో ఒకటి కావు. బ్యారెల్ 20 అంగుళాలకు తగ్గని నునుపు బోర్ తుపాకీని (లోపల గాడులు లేనిది, మీ పన్నెండు బోర్ లాంటిది) భారత పౌరుడు ఆత్మరక్షణకో, క్రీడకో అడిగితే, సెక్షన్ 14 అడ్డు లేనప్పుడు "ఇవ్వాలి" అన్నది సెక్షన్ 13 మాట. రివాల్వరుకు మాత్రం తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కుదరాలి. అందుకని అప్పీలులో రెండిటికీ వేర్వేరుగా అభ్యర్థన పెట్టండి. రివాల్వరు పోయినా డబుల్ బ్యారెల్ నిలవాలి. రెండూ కలిపి ఒకే అభ్యర్థన పెడితే రివాల్వరు బలహీనత పన్నెండు బోర్‌ను కూడా ముంచుతుంది.

మీరడిగిన ఖర్చులు. కోర్టు ఫీజు లెక్కలోకి వచ్చేది కాదు. లాయరుతో మాత్రం మొదటి రోజే రాసుకోండి: ఆ మొత్తంలో ఫైలింగు, అడ్మిషన్, మధ్యంతర ఉత్తర్వు, తుది వాదన, కౌంటరుకు (ప్రభుత్వం వేసే జవాబుకు) సమాధానం అన్నీ ఉన్నాయా, లేక ఏ దశకు ఆ దశ విడిగానా అని. "రిట్ వేసినందుకు" అని మాట్లాడుకుంటే, కౌంటరు వచ్చాక మళ్లీ అడుగుతారు. అందులో మోసం లేదు, మీరు ఒప్పుకున్నదే అంత. తెలుగులో ఉన్న ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, పంచనామా ఇంగ్లీషులోకి అనువాదం చేయించాలి. పేజీ లెక్కన పడే ఈ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు. ప్రతివాదుల సంఖ్యను బట్టి కాగితాల సెట్లు పెరుగుతాయి, కాబట్టి అవసరం లేని అధికారులను ప్రతివాదులుగా చేర్చొద్దు. రిట్‌లో ఆయన ప్రతి వాయిదాకీ రానక్కర్లేదు, అఫిడవిట్ మీద సంతకానికి ఒకసారి చాలు. 72 ఏళ్ల మనిషిని ఊరికే కోర్టు హాలు బయట కూర్చోబెట్టకండి.

గడువు విధించినా అధికారి తేల్చకపోతే కోర్టు ధిక్కార పిటిషన్ ఏడాదిలోపు వేయాలి. అది విడి ఖర్చు. తేల్చి మళ్లీ తిరస్కరిస్తే అది కొత్త ఉత్తర్వు, దానిమీద మళ్లీ మొదటి నుంచి. ఈ రెండో రౌండు ఉంటుందని ముందే లెక్క వేసుకుని డబ్బు పక్కన పెట్టుకోగలిగితేనే దిగండి.

ఒక ప్రశ్న. ఆ కేసు ఫిర్యాదులో తుపాకీ ప్రస్తావన ఉందా? ఆయన తుపాకీ చూపించి బెదిరించారని ఒక్క వాక్యమున్నా నేను చెప్పిన సగం మారిపోతుంది.

మిర్చి_లెక్కలు:

చాలా కృతజ్ఞతలు. సాయంత్రమే స్టేషన్‌కు వెళ్తున్నాం.

ఫిర్యాదులో తుపాకీ మాట ఎక్కడా లేదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 115(2), 351(2), అంటే గాయపరచడం, బెదిరించడం. కర్రలతో కొట్టుకున్నారని. ఇంకో విషయం ఇప్పుడే తెలిసింది. గొడవ తర్వాత రెండు వర్గాలనూ తహసీల్దారు ముందు బైండోవర్ చేశారట, అంటే మళ్లీ గొడవ పడబోమని బాండు రాయించుకున్నారట. పెదనాన్నగారు సంతకం పెట్టారు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

గట్టు_తగాదా:

ఉంటుంది, చాలా ఉంటుంది. మన పల్లెల్లో బైండోవర్‌ను అందరూ తేలిగ్గా తీసుకుంటారు. సంతకం పెట్టి ఇంటికెళ్లిపోతే అయిపోయిందనుకుంటారు. ఆయుధాల చట్టం సెక్షన్ 9 చదవండి. శాంతి కాపాడతానని గానీ, మంచి ప్రవర్తనతో ఉంటానని గానీ బాండు రాయమని ఆదేశించిన వ్యక్తి, ఆ బాండు గడువు నడుస్తున్నంత కాలం ఆయుధం కలిగి ఉండటానికి అనర్హుడు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 107, 110 సెక్షన్లు. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 126, 129. హింసకు సంబంధించిన నేరంలో శిక్ష పడితే శిక్ష ముగిశాక 5 ఏళ్లు అనర్హత. బాండుకు శిక్ష లేకుండానే అనర్హత వస్తుంది.

కాబట్టి బాండు కాగితం తెప్పించండి. మూడు విషయాలు చూడాలి. తేదీ ఏది, గడువెంత, అది విచారణ జరిపి ఇచ్చిన ఆదేశం కింద రాసిన బాండా లేక విచారణ నడుస్తుండగా తీసుకున్న తాత్కాలిక బాండా. గడువు ముగిసి ఉంటే అది అడ్డు కాదు, కానీ ముగిసిందని అప్పీలులో మీరే రాయండి. ఇంకా నడుస్తుంటే, అది ముగిసే తేదీ తర్వాతే అప్పీలు వాదన జరిగేలా చూసుకోవాలి, లేకపోతే మిగతా వాదనలు ఎంత బలంగా ఉన్నా చట్టమే అడ్డం పడుతుంది.

దాచొద్దు. దరఖాస్తులో కేసుల గురించి అడిగిన చోట "లేవు" అని రాసి ఉంటే, వాస్తవాలు దాచి లైసెన్సు తీసుకున్నారన్న కారణం మీద సెక్షన్ 17 కింద రద్దు చేయవచ్చు. రిట్ అఫిడవిట్‌లో బైండోవర్ దాస్తే, ప్రభుత్వ కౌంటరులో అది బయటపడిన రోజు న్యాయమూర్తి మిగతాది చదవకుండానే కొట్టేసే వీలుంది. శుభ్రమైన చేతులతో రావాలన్నది రిట్‌లో మొదటి షరతు.

పోలీసు రిపోర్టు ప్రతి కోసం సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఫీజు జిల్లా స్థాయిలో 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. దర్యాప్తుకు అడ్డు అన్న కారణం చూపి నిరాకరించవచ్చు గానీ, మీ కేసులో ఛార్జిషీటు పడిపోయింది కాబట్టి ఆ కారణానికి బలం తక్కువ. రిపోర్టులో స్టేషన్ అధికారి "అభ్యంతరం లేదు" అని రాసి, పైన ఎవరో తిరస్కరించి ఉంటే మీ అప్పీలుకు అంతకు మించిన కాగితం ఉండదు.

కరకట్ట:

అమెరికా మాటకు జవాబు చెబుతాను. అక్కడి లెక్కే వేరు, ఇక్కడికి అతకదు.

అక్కడ ఆయుధం కలిగి ఉండటం రాజ్యాంగ హక్కు. పౌర హక్కులు కాపాడుకోవడానికి వేసిన కేసు గెలిస్తే, ఓడిన ప్రభుత్వం లాయరు ఫీజు కట్టేలా కోర్టు ఆదేశించే చట్టం వాళ్లకుంది. వాషింగ్టన్ నగరంలో 1976 నుంచి పిస్తోళ్ల మీద దాదాపు పూర్తి నిషేధం. దానిమీద 2003లో ఆరుగురు కేసు వేశారు. మధ్యలో అప్పీలు కోర్టు ఐదుగురిని పక్కన పెట్టింది. మిగిలింది డిక్ హెల్లర్ ఒక్కడే. కారణం ఏమిటంటే, ఆయన పిస్తోలు రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టి తిరస్కరణ తెచ్చుకున్నాడు, మిగతావాళ్లు తెచ్చుకోలేదు. 2008 జూన్ 26న సుప్రీంకోర్టు 5–4తో ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. ఫీజు కింద లాయర్లు 30 లక్షల డాలర్లకు పైగా అడిగితే, 2011 చివర్లో కోర్టు ఇచ్చింది సుమారు 11 లక్షలు. అంటే తీర్పు తర్వాత ఇంకో మూడేళ్లు, అడిగినదాంట్లో మూడో వంతు. అప్పటిదాకా ఆ కేసు ఖర్చును రాబర్ట్ లెవీ అనే న్యాయవాది సొంత డబ్బుతో భరించాడు. గెలిచిన వెంటనే నగరం కొత్త రిజిస్ట్రేషన్ నిబంధనలు పెట్టింది, హెల్లర్ మళ్లీ కోర్టుకెక్కాడు. ఆ రెండో పోరు 2015 దాకా నడిచింది.

ఇక్కడ ఆయుధం కలిగి ఉండటం ప్రాథమిక హక్కు కాదు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒక కేసులో అమెరికాతో పోల్చి ఇదే మాట స్పష్టంగా అంది. మనకున్నది చట్టం ఇచ్చిన అవకాశం, దాన్ని పక్షపాతం లేకుండా పరిశీలించాలన్న హక్కు. మన హైకోర్టు తీర్పుల్లో ఆఖరి వాక్యం చాలాసార్లు "ఖర్చుల గురించి ఉత్తర్వు లేదు" అనే ఉంటుంది. ఎవరి ఖర్చు వారిదే. గెలిచినా రూపాయి తిరిగి రాదన్న లెక్కతోనే దిగాలి.

కానీ హెల్లర్ కేసులో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. తిరస్కరణ కాగితం చేతిలో ఉన్నవాడికే కేసు. మీ పెదనాన్నగారికి అది ఉంది. చాలామందికి ఇక్కడ ఉత్తర్వు రాదు, ఫైలు అలాగే పడి ఉంటుంది, వాళ్లు ఏళ్ల తరబడి తిరుగుతారు. అలాంటివాళ్లు ఆఫీసులో కాగితాలు తీసుకునే తపాల్ సెక్షన్‌లో ముద్ర వేయించుకున్న నకలు ఉంచుకుని, తేల్చమని రాతలో గుర్తుచేసి, ఆ తర్వాతే కోర్టుకు వెళ్లాలి.

ఆడవాళ్ల పేరున లైసెన్సున్నా, అర్జీదారు ఎస్సీ, ఎస్టీ అయినా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీకు వర్తించకపోయినా ఇది చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుంది.

కృష్ణలంక_రెండోవీధి:

పేరు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంట్లోవాళ్ల భయం బహుశా అదే అయి ఉంటుంది.

రిట్ వేసిన రోజు నుంచి ఆయన పేరు కాజ్‌లిస్టులో, అంటే కోర్టు విచారించే కేసుల జాబితాలో ఉంటుంది. తీర్పులో పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంటి నంబరు దాకా వస్తాయి. అది ఆన్‌లైన్‌లో ఎప్పటికీ ఉంటుంది. అంతకంటే గట్టిది కౌంటరు. ఉత్తర్వును కాపాడుకోవడానికి ప్రభుత్వం ఆయన మీదున్న ప్రతి కేసు, ప్రతి బైండోవర్, సస్పెక్టు షీటు (అనుమానితుల మీద పోలీసులు ఉంచే రికార్డు) ఉంటే అది కూడా రాస్తుంది. కొట్టివేసిన పాత కేసులతో సహా. అవన్నీ ఒకే కాగితం మీద, కోర్టు రికార్డులో. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్న పిల్లలున్నా, ప్రభుత్వ ఉద్యోగానికి వెరిఫికేషన్ జరగాల్సినవాళ్లున్నా ఇది వాళ్లనూ తాకుతుంది. ముందే అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

రెండోది భద్రత. ఆయనకు నిజంగా ప్రాణభయం ఉంటే, అఫిడవిట్‌లో ఆ భయాన్ని వివరించాలి. ఎవరి నుంచి భయం, డబ్బు ఏ దారిలో తెస్తారు, పొలానికి ఎప్పుడు ఒంటరిగా వెళ్తారు, అన్నీ. చదివేవాళ్లలో అవతలి వర్గం కూడా ఉంటుంది. తుపాకీ డిపాజిట్‌లో ఉందన్న సంగతీ వాళ్లకు తెలిసిపోతుంది. అందుకే రాకపోకల వివరాలు, వేళలు అఫిడవిట్‌లో రాయొద్దు. పోలీసులకు ఇచ్చిన పాత ఫిర్యాదుల తేదీలు, నంబర్లు చాలు. అవతలి వర్గం తమనూ చేర్చుకోమని పిటిషన్ వేస్తే కేసు ఇంకో ఆరు నెలలు సాగుతుంది, దానికీ సిద్ధంగా ఉండండి.

ఎన్నికల డిపాజిట్‌తో దీన్ని కలిపి చూడకండి. పంచాయతీ ఎన్నికలప్పుడు ఆయుధాలు తీసుకుంటే అయిపోయాక తిరిగి ఇస్తారు. అది రద్దు కాదు, దానిమీద పోరాడి ఖర్చు పెట్టుకోవడం కంటే రసీదు జాగ్రత్తగా ఉంచుకోవడం మేలు. మీది అసలు లైసెన్సే పోయిన సంగతి.

బ్యారెల్_చూపు:

దగ్గర దారి అడిగారు, దాని గురించి ఒక మాట. 2016 ఆయుధాల నిబంధనల్లో వారసుడికి లైసెన్సు ఇచ్చే వీలుంది. లైసెన్సుదారు చనిపోయినప్పుడే కాదు, ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు ఆయన దగ్గరున్నా వారసుడు దరఖాస్తు పెట్టవచ్చు. మీ పెదనాన్నగారు 72, లైసెన్సు 1994 నుంచి. వయసు ఒక్కటే చాలు, పుస్తకంలో తుపాకీ ఎక్కిన తేదీ కూడా 25 ఏళ్లు దాటి ఉంటే రెండు దారులూ తెరిచి ఉన్నట్టే. కొడుకో కూతురో 21 నిండి, గట్టు తగాదా కేసులో పేరు లేకుండా ఉంటే వాళ్ల పేరున పెట్టండి. మిగతా వారసుల అంగీకార పత్రాలు, ఆయుధ వినియోగం, భద్రతల శిక్షణ సర్టిఫికెట్, వైద్య ధ్రువపత్రం ముందే సిద్ధం చేసుకోండి. ఒక మనిషి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదన్నది 2019 సవరణ, కాబట్టి వారసుడికి ఇదివరకే ఒకటుంటే రెండూ పట్టవు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆయన లైసెన్సే నిలవలేదు కాబట్టి బదలాయించేదేముందని ఆఫీసులో అనవచ్చు. అందుకే వారసుడి దరఖాస్తు పెడుతున్నా అప్పీలును చావనివ్వకండి. అప్పీలు పెండింగులో ఉందని ఆ దరఖాస్తులోనే రాయండి. పెదనాన్నగారి పట్టుదల తన చేతిలో తుపాకీ ఉండాలనా, ఇంట్లో తుపాకీ ఉండాలనా అన్నది ఆయన్నే అడగండి. రెండోదైతే ఈ దారిలో హైకోర్టు మెట్లు ఎక్కాల్సిన పని పడకపోవచ్చు.

మిర్చి_లెక్కలు:

డిపాజిట్ చేసి వచ్చాం. బైండోవర్ గడువు ఇంకా నాలుగు నెలలుంది. పెదనాన్నగారు అప్పీలు వేయడానికి, మా అన్నయ్య పేరున దరఖాస్తుకు ఒప్పుకున్నారు. రిట్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు. అన్నయ్యకు ఆ కేసుతో సంబంధం లేదు.

ఒక చిన్న అనుమానం. ఇంటికొచ్చి చూస్తే రసీదులో రివాల్వరు నంబరులో చివరి అంకె 6 బదులు 0 అని ఉంది. చేతిరాతలో అలా కనిపిస్తుందా, నిజంగా తప్పు రాశారా తెలియడం లేదు. వదిలేయవచ్చా?

బ్యారెల్_చూపు:

వదలొద్దండీ. రేపు పొద్దున్నే ఫోటో, లైసెన్సు పుస్తకం తీసుకెళ్లండి. రసీదు మీద కొట్టివేసి దిద్దడం ఒప్పుకోవద్దు, కొత్త రసీదు అడగండి. స్టేషన్ రిజిస్టరులో కూడా అదే అంకె పడి ఉంటే అక్కడా సరిచేయించి, దిద్దినచోట సంతకం, తేదీ వేయమనండి. రేపు లైసెన్సు వచ్చి తుపాకీ అడగడానికి వెళ్లినప్పుడు పుస్తకంలో ఒక నంబరు, రిజిస్టరులో ఇంకో నంబరు ఉంటే ఆయుధం ఇవ్వరు. పైగా పుస్తకంలో ఉన్న రివాల్వరు ఏమైందని ఆయన్నే అడుగుతారు. వెళ్లేటప్పుడు రెండు వాక్యాల లేఖ కూడా రాసి నకలు మీద ముద్ర వేయించుకోండి, అన్నయ్యగారి దరఖాస్తుకు ఆ నకలే జతచేయాలి.